పాదం మీద రెండు వేళ్లు

సూర్యాపేట డాక్టరమ్మ మొన్న సోమవారం పొద్దున కన్నుమూశారు. కోదాడలో మా పక్కింటి ఫోనుకు కబురొచ్చింది. వినగానే నా చెయ్యి ఎడమ పాదం మీదికి పోయింది. ఆ పాదం నాకు మిగిలింది ఆమె వల్లనే.

ఎనభైల చివర్లో నేను మేళ్లచెరువులో ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాంటా దగ్గర గుమాస్తాను. ఒక ఉదయం లారీ తూకం వేయిస్తుండగా కాలు చల్లబడి, పాలిపోయి, నాది కాకుండా పోయింది. అమ్మను వెంటబెట్టుకుని జీపులో సూర్యాపేట చేరేసరికి కాలివేళ్లు నీలంగా మారాయి. డాక్టరమ్మ నాడి కోసం నా పాదం మీద రెండు వేళ్లు ఆనించి చూశారు.

"కాలు ఉంటదా అమ్మా?" అంది మా అమ్మ.

"గుండెల పుట్టిన నెత్తురు గడ్డ కాలిల ఇరుక్కుంది. హైదరాబాద్ పొయ్యేదాక కాలు ఆగదు. ఈడనే తీస్త."

తీసే సాధనం సన్నటి గొట్టం, దాని కొసన గోరంత రబ్బరు బెలూన్. గడ్డను దాటించి, బెలూన్‌ను ఉబ్బించి వెనక్కి లాగితే గడ్డ దాంతోపాటు వస్తుంది. అప్పట్లో అవి దొరకడమే గగనం గనుక శుభ్రం చేసి మళ్లీ వాడేవారు. అందుకే ఆమె ప్రతిసారీ ముందు గిన్నెడు నీళ్లలో దాన్ని ఉబ్బించి చూసేవారు. ఆ రోజూ చూశారు.

గజ్జల దగ్గర మాత్రమే మత్తిచ్చారు కాబట్టి నాకన్నీ వినిపిస్తున్నాయి. గడ్డ వచ్చిందన్నారు. అంతలోనే ఆమె చెయ్యి ఆగింది. బెలూన్ లోపలే పగిలింది.

ఆ తర్వాత ఆమె చేసింది తల తిప్పి చూశాను. గొట్టాన్ని బయటికి లాగి, చినిగిన రబ్బరును పక్క బల్ల మీద తెల్లగుడ్డపై పరిచి, పిల్లలు గాజుముక్కలు కూర్చినట్టు కూర్చారు. ఒక మూల ఖాళీగా ఉంది.

"గడ్డ వచ్చింది కద మేడం, కుట్లేద్దామా?" అన్నాడు తోడున్న డాక్టరు.

"పోగొట్టింది మనం. ఎతకాల్సింది మనమే," అని నా వైపు వంగారు. "తమ్మీ, మా రబ్బరు నీ లోపల పగిలింది. ముక్క ఒకటి ఉండిపోయింది. అది దొరికెదాక నిన్ను లేపను."

అంత మాట విన్నాక భయపడాలి. నాకు మాత్రం ధైర్యం వచ్చింది.

ఉన్న ఇంకొక గొట్టాన్ని మళ్లీ నీళ్లలో చూసి పంపారు. మొదట ఉత్త నెత్తురే వచ్చింది. మళ్లీ లాగితే, మిగిలిన గడ్డ తునకకు అంటుకుని ఆ రబ్బరు పీలిక. దాన్ని ఖాళీ మూలలో పెట్టి చూశారు. సరిపోయింది.

ఆ ముక్కలను చిన్న సీసాలో దాచి, కొత్తగా చేరిన ప్రతి డాక్టరుకూ చూపేవారట, "ఇది నా చేతిల పగిలింది" అంటూ. అంత పేరున్న మనిషి ఆ మాట అంత మామూలుగా అనగలగడం నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

తర్వాత ఎక్కడ కనిపించినా ఆమె నా మొహం కంటే ముందు పాదమే చూసేవారు. మిర్యాలగూడలో మా చెల్లెలి పెళ్లికి వచ్చి, బంతిలో కూర్చోబోతూ, అందరి ముందూ వంగి నా పాదం మీద వేళ్లు పెట్టారు. అమ్మ కంగారుపడింది.

"మీరు వాని కాలు ముట్టుడేందమ్మా, వానికి పాపం తాకుతది."

"తమ్ముడు బాగున్ననంటే నాకు చాలదమ్మా. నా వేలికి అందాలె."

నాడి అందాకే అన్నానికి కూర్చున్నారు.

సోమవారం మధ్యాహ్నం సూర్యాపేటలో ఆమెను ఇంటి వరండాలో పడుకోబెట్టారు. దండం పెట్టుకుందామని వంగి పాదాలు తాకాను. నా రెండు వేళ్లు వాటంతటవే ఆ చోటుకు పోయాయి. చల్లగా ఉంది. వెనక జనం ఎదురుచూస్తున్నారని తెలుసు. అయినా ఇంకాసేపు అలాగే ఉంచాను.