బార్కస్‌లో హరీస్, తిరగరాసిన మూడు పేజీలు

డెబ్భైల చివర్లో తెలుగు ఎంఏ చదువుతూ సాయంత్రాలు ఉర్దూ డిప్లొమా క్లాసుకు వెళ్లేదాన్ని. ఆ ఏడు మా ఉర్దూ మాస్టారు పరీక్షకు బదులు ఒక పని అప్పగించారు. పరిచయం లేని ఇంట్లో ఒక రోజు గడపాలి, వాళ్లతో కలిసి వంట చేయాలి, చూసింది ఉర్దూలో రాయాలి. రాసింది ముందుగా ఆ ఇంటివాళ్లకే చదివి వినిపించాలి. వాళ్లు ఒప్పుకొని సంతకం పెడితేనే మార్కులు. నాకు అరబ్బు సంతతివాళ్లు ఎక్కువగా ఉండే బార్కస్‌లో, ఆయన 'ఖాలా', అంటే పిన్ని అని పిలిచే జుబేదా గారి ఇల్లు దొరికింది. నల్లగొండ నుంచి వచ్చి రెండేళ్లయినా చార్మినార్ దాటి వెళ్లడం నాకదే మొదటిసారి.

డిసెంబరులో ఒక ఆదివారం, పొద్దున ఆరింటికి హాస్టల్లో బయల్దేరి అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారాను. టికెట్టు రూపాయి లోపే. శాలిబండ, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట మీదుగా ముప్పావు గంట పట్టింది. జుబేదా ఖాలా ఇల్లు తెలుసా అని కండక్టర్‌ను అడిగాను. "మసీదు కాడ దిగమ్మా, ఎవర్నడిగినా చూపిస్తరు," అన్నాడు. దిగేసరికి లుంగీలు కట్టుకున్న పెద్దవాళ్లు హోటళ్ల ముందు చాయ్ తాగుతున్నారు.

జుబేదా ఖాలాకు యాభై దాటి ఉంటాయి. ఆమె భర్త సలీం సాబ్ బస్సు డిపోలో మెకానిక్. పొయ్యి మీద హరీస్ కోసం గోధుమలు, మాంసం తెల్లవారుజాము నుంచే ఉడుకుతున్నాయి. నేను నేర్చుకున్న ఉర్దూలో వంటలో చేరడానికి ఎంతో మర్యాదగా అనుమతి అడగబోతే ఆమె నవ్వింది.

"గంత పెద్ద మాటలెందుకు బిడ్డా? గరిటె పట్టు. ఆగితే అడుగంటుతది."

పదింటికి పెద్ద పళ్లెంలో హరీస్ పోసి, నెయ్యి, చక్కెర వేసి, ఖాలా, సాబ్, వాళ్ల కోడలు చుట్టూ కూర్చుని అందరూ అందులోంచే తినసాగారు. నా చెయ్యి ముందుకు పోలేదు. ఖాలా నాకు వేరే ప్లేటులో పెట్టింది.

తిన్నాక వరండాలో కూర్చుని మూడు పేజీలు రాసి, మధ్యాహ్నం చదివి వినిపించాను. 'వీళ్లు పరదేశం నుంచి వచ్చినవాళ్లు. ఒకే పళ్లెంలో తినే పాత అలవాటు ఇంకా వదల్లేదు.' చదవడం అయ్యాక పెన్ను ఇస్తే సలీం సాబ్ తీసుకోలేదు.

"పరదేశం ఏంది బేటీ? మా తాత గీడనే పుట్టిండు. నేను గీడనే పుట్టిన. నీకంటె ముందు నుంచి షహర్‌ల ఉన్న."

ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా సిగ్గేసింది.

"తప్పయింది సాబ్. చూసిందే రాసిన అనుకున్న," అన్నాను.

"చూసినవు బిడ్డా, అడగలే," అంది ఖాలా. "ఒక్క పళ్లెంల ఎందుకు తింటమో అడిగినవా?"

"లేదు ఖాలా. చెప్పుండ్రి."

"ఎవరికి తక్కువైందో కండ్ల ముంగట కనవడ్తది. గా దిక్కు జరుపుతం. మరి మీ ఇంట్ల ఎట్ల తింటరు?"

నాన్న, అన్నలు ముందు తింటారని, తర్వాత నేనని, మిగిలింది అమ్మ తింటుందని చెప్పాను. అమ్మకు సరిపోతుందా అని మేమెవరం ఏనాడూ చూడలేదు. ఖాలా చాయ్ కప్పు నా వైపు జరిపింది.

నాలుగింటిదాకా అడుగుతూ, వింటూ, మళ్లీ రాశాను. ఈసారి మా ఇల్లు కూడా అందులోకి వచ్చింది. సాబ్ రెండు మాటలు దిద్ది సంతకం పెట్టారు.

మార్కులు ఎన్నొచ్చాయో ఇప్పుడు గుర్తులేదు. ఆ రోజు నన్ను అవమానించి పంపేయడానికి వాళ్లకు కారణముంది, కానీ కూర్చోబెట్టి నేర్పారు. ఆ కృతజ్ఞత ఇన్నేళ్లయినా తగ్గలేదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మను నాతోపాటే కూర్చోమన్నాను. రెండు రోజులు వద్దంది. మూడో రోజు తన కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.

వెళ్లాలనుకునేవారికి ఒక్క సూచన: హరీస్ కోసమైతే చలికాలంలో వెళ్లండి, చార్మినార్ దగ్గర ఏడింటిలోపే బస్సెక్కండి. ఆలస్యమైతే హోటళ్లలో గిన్నెలు ఖాళీ అయిపోతాయి.