నూనెడబ్బా షెడ్డు తలుపు

మా గోడ పక్కింట్లో ఉండే తోటమాలిని వీధిలో అందరూ నూనెడబ్బా అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. జేబులో పొడుగు ముక్కు నూనెడబ్బా లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. కత్తెర గానీ, గేటు గానీ, ఎవరి కుట్టుమిషను గానీ, కిర్రుమంటే రెండు చుక్కలు వేయందే కదలడు. భార్య పోయిన రోజు పరామర్శకు వచ్చినవాళ్లు గేటు తోస్తుంటే అది మూలిగింది. లేచి వెళ్లి, నూనె వేసి వచ్చి, మళ్లీ కూర్చుని ఏడ్చాడు.

మొన్న మంగళవారం పొద్దున పెరటి షెడ్డు ముందు కొయ్యబారిపోయి నిలబడ్డాడు. గోడ మీంచి చూసి చూసి ఆగలేకపోయాను.

"ఏమయ్యా, పాముగానీ దూరిందా?"

"పామైతే బాగుండేది అక్కా. ఓసారి ఇటు రా."

చేతిలో చీపురుతోనే వెళ్లాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. కానీ గొళ్ళేనికి నాలుగు స్క్రూలుండాలి, రెండే ఉన్నాయి. తీసిన రెండూ కిటికీ గట్టు మీద పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి, మిగతా పనికి మళ్లీ వస్తామని చెప్పిపోయినట్టు.

ఆ షెడ్డులో ఆయన గడ్డి కోసే మిషను ఉంది. రెండేళ్ల కిందట చెట్టు మీంచి పడ్డాక ఆయన నడుం వంగదు. కూర్చుని కొడవలి పట్టలేడు, నిలబడి మిషను మాత్రం నెట్టగలడు. అది పోతే ఆయన పనీ పోయినట్టే.

వడ్రంగిని పిలిపించాను. మిగిలిన రెంటిలో ఒక స్క్రూకి స్క్రూడ్రైవర్ ఆనించాడో లేదో, అది గిర్రున తిరిగింది.

"వీటికి నూనె వేశావా?"

నూనెడబ్బా తల దించుకున్నాడు. "నెలనెలా. తుప్పు పడతాయని."

"తలుపు తిరిగే బందులకి?"

"వాటికీ."

"దొంగకి ఇంతకంటే మర్యాద ఎవరు చేస్తారు బాబూ! అలికిడి లేకుండా లోపలికి రమ్మన్నావు."

నవ్వబోయి నూనెడబ్బా మొహం చూసి ఆగాను. "నేను ఏ పూట ఇంట్లో ఉండనో వాడికి తెలుసక్కా. ఎక్కణ్ణుంచో చూస్తున్నాడు" అన్నాడు. నేను గబుక్కున వెనక్కి తిరిగి సందులోకి చూశాను. ఎవరూ లేరు. దాంతో ఇంకా భయం వేసింది.

వడ్రంగి తలుపుకి ఇటునుంచి అటుదాకా రంధ్రాలు వేశాడు. గొళ్ళేనికీ బందులకీ స్క్రూలు తీసేసి బోల్టులు దిగ్గొట్టాడు. బయటికి నున్నటి గుండు మాత్రమే కనిపిస్తుంది, తిప్పడానికి గాడి ఉండదు. నట్టు లోపలివైపు. చివరికి కిరోసిన్ గుడ్డతో బందుల్లో నూనెంతా తుడిచేశాడు.

"ఇక దీన్ని ముట్టుకోకు. ఇది అరవాలి."

తలుపు కిర్రుమంది. నూనెడబ్బా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు.

"నీ దగ్గరుంచక్కా. నా చెయ్యి ఆగదు."

శుక్రవారం మధ్యాహ్నం పని నుంచి వచ్చి నన్ను కేకేశాడు. బోల్టు గుండ్ల చుట్టూ రంగు లేచిపోయి గీతలు పడ్డాయి. గుండ్లు మాత్రం కదల్లేదు. మిషను లోపలే ఉంది. ఆయన మెట్టు మీద కూలబడ్డాడు.

"వచ్చాడక్కా."

"పోయాడు కదయ్యా."

"మళ్లీ రాడంటావా?"

నాకూ అదే అనుమానం.

అప్పటినుంచి ఒక ఏర్పాటు చేసుకున్నాం. షెడ్డు తెరిచిన ప్రతిసారీ ఆయన "నేనేనక్కా" అని అరవాలి. కిర్రు వినిపించి ఆ మాట వినిపించకపోతే నేను వీధిని లేపాలి. ఈ పొద్దున పొయ్యి దగ్గరుండగా తలుపు కిర్రుమంది. మాట లేదు. గరిటె పట్టుకుని గోడ దగ్గరికి ఉరికాను, కేక పెట్టడానికి నోరు తెరిచాను.

"నేనే... నేనేనక్కా! దగ్గొచ్చింది!"

ఆయన నూనెడబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. అడిగినా ఇవ్వను.