మాట్లాడుతూ నడవాల్సిన దారి

1944లో నేను మదనపల్లెలోని ఒక మిషన్ ఆసుపత్రిలో, ఆడవాళ్ల సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేరాను. వార్డుకు పెద్ద సిస్టర్, ఆమె కింద మేము, మా కింద శిక్షణలో ఉన్న అమ్మాయిలు. ఎలుగుబంటి చేసిన గాయం ఎలా ఉంటుందో ఆ ఏడు సీతాఫలాల కాలంలో మొదటిసారి చూశాను.

సోమల దగ్గరి కొండపల్లె నుంచి ఎల్లమ్మ అనే కూలి మనిషిని ఆమె భర్త గంగప్ప తీసుకొచ్చాడు. పుంగనూరు దాకా ఎద్దులబండి, అక్కడి నుంచి బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క బస్సులు అలాగే నడిచేవి. ఎత్తు వచ్చిన చోటల్లా మనుషులు దిగి తొయ్యాలి. ఆమె తలకు చుట్టిన పంచె నెత్తుటితో అట్టకట్టి ఉంది. గోళ్లు తల వెనక భాగాన్నీ కుడి భుజాన్నీ చీల్చేశాయి. ముఖానికి మాత్రం గీత కూడా పడలేదు.

అలాంటి గాయాన్ని వెంటనే కుట్టకూడదు. చెదపుట్టలు తవ్వే ఆ గోళ్లతో పాటు పుట్టమన్ను, చెత్త కండలోకి పోతాయి. పైన మూసేస్తే లోపల చీము పడుతుంది. డాక్టరమ్మ ఉప్పునీళ్లతో కడిగి, చచ్చిన కండ తీసేసి, చీము పట్టకుండా సల్ఫా పొడి చల్లి, వదులుగా కట్టు కట్టించారు. ధనుర్వాతం రాకుండా సీరం సూది వేశాం. గాయం శుభ్రపడ్డాకే కుట్లు. అంతవరకూ ఆమె బతుకుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. వరండాలో కూర్చున్న గంగప్ప నేను బయటికి వచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడు.

జ్వరం దిగాక ఎల్లమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినబడే గొంతు. సిస్టర్ మందలిస్తే కాసేపు తగ్గేది, మళ్లీ మామూలే. కట్టు మారుస్తూ, ఎలుగు ఎలా మీద పడిందని అడిగాను.

"ఎప్పుడూ మాట్లాడుకుంటా పోతాము నర్సమ్మా. ఎలుగొడ్డు పండు తింటాంటే దానికి లోకం తెలీదు. మనం వస్తాండామని ముందే తెలిస్తే అదే పక్కకు పోతాది. ఆ పొద్దు గమ్మున పోతి."

"యాల గమ్మున పోతివి?" అన్నాను, ఆమె యాసలోనే.

జవాబు మంచం పక్కన నిలబడ్డ గంగప్ప చెప్పాడు. "నా మీద అలిగిండె. సంగటి సరిగా ఉడకలేదంటి."

ఎల్లమ్మ అతని వైపు చూడలేదు గాని నవ్వు ఆపుకోవడం నాకు కనబడింది. ఆ రోజు బండ మలుపులో పిల్లతో ఉన్న ఎలుగు ఆమెకు ఎదురైంది. తప్పుకునే సందు లేక బోర్లా పడి, రెండు చేతులూ మెడ వెనక పెనవేసుకుంది. ముఖం దక్కింది అందువల్లే. వెనకే వస్తున్న గంగప్ప కేకలు వేస్తూ కర్రతో బండను బాదేసరికి అది పిల్లను తీసుకుని పోయింది.

"కనబడినాక మాత్రం ఉరకొద్దు నర్సమ్మా. దానికంటే మనం ఉరకలేము. దాన్ని సూస్తానే మెల్లిగా ఎనక్కి పోవాల," అంది.

మరుసటి ఏడు నేరేడు పండ్ల రోజుల్లో, సోమలలో మా ఆసుపత్రి రోడ్డు పక్కన నడిపే వైద్య శిబిరానికి వెళ్లాను. కొండ అవతలి పల్లెలో ఒకామె నొప్పులు పడుతోందని కబురొచ్చింది. గాయం మాని ఇల్లు చేరాక, ఆ రోజు శిబిరానికి నన్ను చూడటానికి వచ్చిన ఎల్లమ్మ, "దారి నాకు తెలుసు, పదమ్మా," అని కాన్పు సామాను సంచి అందుకుంది. దారి పొడుగునా గొంతెత్తి మాట్లాడుతూనే ఉంది. నన్నూ మాట్లాడమంది. అయితే కనుమ దగ్గర ఎదురుగాలి మా మాటల్ని వెనక్కి కొట్టేసింది. నేరేడు చెట్టు కింద రాలిన పండ్లు తింటున్న ఎలుగు మాకు బాగా దగ్గరగా తలెత్తింది.

ఎల్లమ్మ మాట ఆగిపోయింది. సంచి జారింది. వెనక్కి తిరిగి పరుగెత్తబోయింది. నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఉరకొద్దు ఎల్లమ్మా. దాన్నే సూస్తా మెల్లిగా ఎనక్కి రా. నేనుండాను."

కట్టు విప్పేటప్పుడు రోగితో మాట్లాడే గొంతుతోనే అన్నాను. ఎలుగు వెనక కాళ్ల మీద లేచి గాలి వాసన చూసింది. అది మీదికి రావడానికే అనుకున్నాను. అయినా మాట ఆపకుండా, అడుగు తర్వాత అడుగు వెనక్కి వేశాం. కాసేపటికి అది ముందరి కాళ్లు నేలకు దించి, బండల్లోకి వెళ్లిపోయింది.

ఎల్లమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. "అన్నీ తెలిసిండీ నాకు నోరు రాలేదమ్మా," అంది. ఆమె భుజం మీది మచ్చ మీద చెయ్యి వేసి, నేను చెప్పినవి ఆమె మాటలేనన్నాను. చాలాసేపటికి లేచింది. సంచి తెచ్చుకుని, చుట్టుదారిన పల్లె చేరాం. పొద్దు గుంకకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లి చెయ్యి పట్టుకుని, ధైర్యం చెబుతూ, ఊరంతా వినబడేలా మాట్లాడింది ఎల్లమ్మే.

తరువాత చాలాకాలం కుప్పం వైపు పల్లెల్లో పనిచేశాను. నా కింద ఉన్న నర్సుల్ని కొండదారిలో ఎన్నడూ ఒంటరిగా పంపలేదు. అడవిలో ఎలా మెలగాలో ఎవరికైనా నేర్పవచ్చు. నేర్చినది భయంలో గుర్తుంటుందా అన్నది, ఒకసారి దెబ్బతిన్న మనిషికైనా ముందుగా తెలియదు. ఒకరు మరిచినప్పుడు చెప్పడానికి రెండో మనిషి పక్కన ఉండాలి.