బీమ్‌ను దారికి తెచ్చిన కృపారాణి

ఉత్తరాదిన, గొట్టంలో ఎలక్ట్రాన్లను పరుగులెత్తించే యాక్సిలరేటర్‌లో, గొట్టం గోడకు తగిలి పోతున్న ఆ ఎలక్ట్రాన్ల ధారను, అంటే బీమ్‌ను మొట్టమొదట నడిమధ్యన నిలబెట్టింది మన కడియం ఊరి పిల్ల కృపారాణి. దారి పొడవునా ఉన్న చిన్న అయస్కాంతాలన్నిటితో తలా కాస్త నెట్టించి, నెలల తరబడి కుస్తీపట్టి సాధించింది. పై అధికారి సుధాకర్ ఆ ఘనత తనదేనని సభలో చెప్పుకున్నాడు. ఆమె పగ కడుపులో దాచుకుని, సెలవు పెట్టి ఊరొచ్చేసింది.

మొన్న బీమ్ మళ్ళీ పక్కకు జరిగింది. సుధాకర్ ఒక్క అయస్కాంతం బలాన్నే గట్టిగా పెంచితే, బీమ్ పోయి అవతలి గోడకు కొట్టుకుంది. వెంటనే కృపారాణికి ఫోన్ చేశాడు.

"ఎలా చేశావో కాస్త చెప్పమ్మా."

"అదేంటి సార్, చేసింది మీరేగదండీ! అందరిముందూ చెప్పారు కూడాను."

"పొరపాటైంది. త్వరగా వచ్చెయ్యమ్మా."

"ఆ పొరపాటు కూడా సభలోనే చెప్పండి సార్."

బీమ్ ఆగిపోయే ఉంది. సుధాకర్ ఆ మాట చెప్పే సభ జూన్ పదహారున; కృపారాణి డ్యూటీలో చేరేది జూన్ పదిహేడున.