గుండీది ఏ జాతి?

మా కుక్కల ఆసుపత్రిలో డాక్టర్ని నేనే అయినా, నడిపేది మాత్రం చీటీలక్క. వచ్చిన ప్రతి కుక్కకూ చీటీ రాస్తుంది కాబట్టి ఆ పేరు. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే నీలం పెన్ను. చీటీలో పేరు, వయసు, బరువు అయ్యాక 'జాతి' అని ఒక గడి ఉంటుంది. అందరిలా అక్కడ 'క్రాస్' అని గీకి పారేస్తే ఆవిడ చీటీలక్క ఎందుకవుతుంది? కుక్క చుట్టూ తిరిగి, తోక కూడా ఎత్తి చూసి, "ముందు లాబ్రడార్, వెనక అనుమానం" అని రాస్తుంది. ఒకావిడ మేలుజాతిదని మురిసిపోతూ కొనుక్కొచ్చిన పిల్లకు "ప్రస్తుతానికి పామరేనియన్, పెరిగాక చూడాలి" అని రాసింది. ఆవిడ మళ్ళీ మా గడప తొక్కలేదు. ఆ పిల్ల మాత్రం దూడంత అయిందని విన్నాను.

జాతి కుక్కలంటే అక్కకు ద్వేషం లేదు, జాలి. ఒకదానికి ఊపిరాడదు, ఒకదానికి తుంటి జారుతుంది, ఇంకోదానికి చెవిలో చీము. పేరు గొప్ప, ఊరు దిబ్బ. వాటి ఫైళ్ళు దిండ్లంత లావు. అన్ని రక్తాలూ కలిసినవి ఏడాదికోసారి టీకాకు వచ్చి, బల్ల మీది దూది కాస్త తినేసి పోతాయి. "మన పొయ్యి వెలుగుతోందంటే జాతి కుక్కల చలవే డాక్టరుగారూ" అంటుంది అక్క.

పోయిన నెల టైలరమ్మ ఏడుపు మొహంతో వచ్చింది. చంకలో ఆవిడ కుక్క గుండీ. ఒంటరి మనిషి. రోజంతా మిషను తొక్కుతుంటే గుండీ ఆవిడ ఎడమ పాదం మీద పడుకుంటుంది. వాళ్ళ ఫ్లాట్లలో నోటీసు అంటించారట: 'ఇకపై జాతి ఉన్న కుక్కలకే అనుమతి. డాక్టరు ధ్రువపత్రం చూపాలి. గడువు పది రోజులు.'

"దీన్ని ఎక్కడ వదలనక్కా? వదిలితే నాకు ముద్ద దిగుతుందా?" అంది టైలరమ్మ.

"లాబ్రడార్ అని రాసెయ్ అక్కా, ఎవడు చూడొచ్చాడు?" అన్నాను నేను.

"చూసేవాడికి కళ్ళుంటాయి కదండీ. అబద్ధమని తేలితే గుండీతో పాటు ఈవిడ పరువు కూడా పోతుంది" అంది అక్క.

నాకు ఒళ్ళు మండింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. గుండీని బల్ల మీద నిలబెట్టి అరగంట చూసి రాసింది: "చెవులు అల్సేషన్. మూతి లాబ్రడార్. నడుము డాష్‌హండ్. తోక సొంతం." పళ్ళు నూరుతూ సంతకం పెట్టాను.

ఆదివారం ఫ్లాట్ల వాళ్ళ మీటింగు. కింద కార్లు పెట్టేచోట కుర్చీలు వేశారు. అక్క వెళ్తుంటే, ఏం ముంచుకొస్తుందోనని నేనూ వెంటపడ్డాను. ప్రెసిడెంటుగారి ఒళ్ళో పగ్ కుక్క. దాని గురక ఆయన మాటల కంటే గట్టిగా వినిపిస్తోంది.

ఆయన కాగితం చదివి, "ఇందులో జాతి ఏదమ్మా?" అన్నాడు.

"మూడున్నాయి కదండీ" అంది అక్క. "జాతి ఉండాలన్నారు గానీ ఎన్ని ఉండాలో మీరు రాయలేదు. మీవాడికి పాపం ఒక్కటే, అయినా ఉండనిస్తున్నారు."

జనం గొల్లుమన్నారు. టైలరమ్మ కూడా నవ్వింది. ప్రెసిడెంటు మొహం కందగడ్డయింది.

"సరే, తప్పు మాదే. దిద్దుదాం" అని పెన్ను తీశాడు. "'ఒకే జాతి' అని మారుస్తున్నా. ఈ కలగాపులగం రక్తం మన ఫ్లాట్లలో వద్దు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

ఒక చెయ్యి లేచింది. తర్వాత నాలుగు, తర్వాత చాలా. టైలరమ్మ గుండీని గుండెకు అదుముకుంది. ఏం జరుగుతోందో తెలియని గుండీ ఆవిడ గడ్డం నాకింది. నాలుగు చీవాట్లు పెట్టయినా ఆ అబద్ధం రాయించి ఉండాల్సిందని నా మీద నాకే కోపమొచ్చింది.

"ఒక్క నిమిషం" అంది వెనక వరసలోంచి ప్రెసిడెంటుగారి భార్య. ఆవిడ గొంతు పెద్దది కాదు. పగ్ గురక మధ్యలో చెవులు రిక్కించి వినాల్సొచ్చింది.

"మా నాన్న మిమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టి ఇదే మాటన్నాడు కదండీ, జాతి వేరని. ఆ గుమ్మం దాటడానికి మీకు ఆరేళ్ళు పట్టింది. మన పిల్లలిద్దరిదీ ఏ జాతో ముందు ఆ కాగితం మీద రాయండి. గుండీ సంగతి తర్వాత చూద్దాం."

లేచిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. ప్రెసిడెంటు కాగితం మడిచాడు. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. టైలరమ్మ మొహం చూడకుండానే, "మెట్ల మీద మాత్రం పాడు చేయనివ్వకమ్మా" అన్నాడు.