పత్తిమందు కొట్టిన సద్దుల బతుకమ్మ నాడు

మొన్న సిద్దిపేటలో మోకాళ్ల నొప్పికి నూనె కొందామని మందుల దుకాణానికి వెళ్తే, మా ముందున్న ఒకతను జలుబుకు యాంటీబయాటిక్ గోలీలు రెండంటే రెండే ఇమ్మని అడుగుతున్నాడు. దుకాణదారు నోరు తెరిచేలోగా మా ఆయన అందుకుని, "జలుబుకు గా గోలీ ఎందుకు తమ్మీ? డాక్టర్‌కు సూపెట్టుకున్నవా?" అని మొదలుపెట్టి, అవసరం లేకుండా మింగితే అసలు జబ్బు వచ్చిననాడు అవి పనిచేయవని, డాక్టరు రాసిస్తే మాత్రం చెప్పినన్నాళ్లూ వాడాలని, అక్కడున్న వాళ్లందరికీ పాఠం చెప్పేశారు. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నాను. ఒకప్పుడు ఆ గోలీలను పుట్నాలు తిన్నట్టు తిన్న మనిషి ఆయనే మరి.

తొంభైల మొదట్లో చిన్నకోడూరు దగ్గరి పల్లెకు నేను కోడలిగా వెళ్లేసరికి అక్కడ ఎటు చూసినా పత్తే. సిద్దిపేటలో దుకాణం వాళ్లింట పుట్టిన నాకు, పత్తిపువ్వు మొదటిరోజు లేత పసుపుగా ఉండి మర్నాటికి గులాబీ రంగు తిరుగుతుందని తెలియడమే ఒక పండుగ. ఆ చేనుకు పచ్చపురుగు పడితే మా ఆయన చేతుల్లేని బనీనుతో, వీపు మీదికి కారే పంపు తగిలించుకుని, బకెట్లో మందును చేత్తోనే కలిపి, ఈల వేసుకుంటూ సాళ్లలోకి దిగేవారు. నేను భయపడితే మా అత్త, గట్టి పానం వానిది, ఏంగాదు అని నవ్వేది. మందు కొట్టిన ప్రతిసారీ సాయంత్రానికి ఆయనకు తలనొప్పి, కడుపులో తిప్పడం. అది ఎండదెబ్బ అనుకుని కిరాణా కొట్టు నుంచి ఎరుపూ నలుపూ యాంటీబయాటిక్ గొట్టం గోలీ తెప్పించి మింగించేవాళ్లం. మర్నాటికి తగ్గితే ఆ గొప్ప గోలీది. ఆ రోజుల్లో ఆ గోలీ లేని ఇల్లేదీ చెప్పండి? జ్వరానికి అదే, పంటినొప్పికి అదే, పుండు మీద విప్పి పొడి చల్లడానికీ అదే. మిగిలినవాటిని మా అత్త బొట్టుపెట్టెలో బంగారంలా దాచేది.

పెళ్లయ్యాక మొదటి సద్దుల బతుకమ్మ పుట్టింట్లోనే ఆడాలని, ఆ మధ్యాహ్నం నన్ను సిద్దిపేటలో దింపుతానని ఆయన మాటిచ్చారు. నేను పొద్దున్నే కొత్త చీర కట్టుకుని కూర్చున్నాను. ఆయనేమో బయల్దేరేలోగా మిగిలిన చెలకకు మందు కొట్టేద్దామని, పని తొందరగా తెగాలని రెండు మందులు కలిపి, ఎదురుగాలికే కొట్టారట. ఇంటికి వచ్చేసరికి మనిషి తూలుతున్నారు. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, వాంతి, చేతుల కండలు వాటంతటవే అదురుతున్నాయి. వాకిట్లో చేరినవాళ్లు, పండుగ కదా, కల్లు ఎక్కువైనట్టుందని నవ్వారు. మా అత్త మాత్రం కొడుకు మీదికి వంగి వాసన చూసి ఒక్క కేక పెట్టింది.

"కల్లు గాదు, పురుగుల మందు! బట్టలిప్పుర్రి, నీళ్లు వోయుర్రి!"

మా ఇద్దరి చేతుల్లోనే సబ్బు అరిగిపోయేలా ఆయన ఒళ్లు కడిగాం. అంతలో తంగేడు, గునుగు పూల మూటలతో సిద్దిపేట బజారుకు వెళ్తున్న జీపు వచ్చింది. పూలమ్మే ఆడవాళ్లు గబగబా దిగి చోటిచ్చారు. మూటలు దించే వ్యవధి లేక వాటి మీదే ఆయన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, అత్త కాళ్లు పట్టుకుంటే తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ఊపిరి గరగరమంటూ ఆగి ఆగి వస్తోంది. అది వినబడినంతసేపూ బతికే ఉన్నారని, ఆగినప్పుడల్లా నా ప్రాణం పోయిందని అనుకుంటూ దవాఖాన చేరాను.

డాక్టరమ్మ టార్చి వేసి ఆవగింజంతయిన కనుపాపలు చూసి, ఏ మందో అడిగి, సూది మీద సూది వేసింది. ఊపిరి కుదుటపడ్డాక, మేం చెప్పిన గోలీల కథంతా విని, "మందు కొట్టినప్పుడల్లా తలనొప్పి లేసిందంటే పానం ముందే చెప్పింది గదమ్మా! మీరు గోలీ ఏసి దాని నోరు మూసిన్రు" అంది. మా అత్త తల వంచుకుంది.

సాయంత్రానికి గండం గడిచింది గానీ, ఆ సూదుల ప్రభావానికి ఆయన కాసేపు ఈ లోకంలో లేరు. ముఖం ఎర్రబడి, కళ్లు పెద్దవి చేసుకుని, గాలిలోంచి ఏవో తెంపడం మొదలుపెట్టారు. బయట వీధుల్లో బతుకమ్మలు కదులుతున్నాయి, పాటలు కిటికీలోంచి వస్తున్నాయి. వాళ్లమ్మ ముందు నాతో నాలుగు మాటలైనా ఆడని మనిషి, ఆమె మంచం మీద కూర్చుని ఉండగానే, "ఇగో, గునుగు పూలు పట్టు. మా అవ్వకు చెప్పకు, నీకోసమే తెంపిన. నువ్వు నవ్వితే మస్తుగుంటవ్" అని లేని పూలను నా చేతిలో పోశారు. సిగ్గుతో చచ్చిపోయాను. అత్త నా కొంగు తానే పరిచి, "పట్టు బిడ్డా, కింద వడనీకు" అంది. నర్సమ్మతో సహా వార్డంతా నవ్వింది. ఏడుస్తూ నవ్వుతూ ఆ పూలన్నీ నేను కొంగులో పట్టాను. నా జీవితంలో అంత పెద్ద బతుకమ్మ మరొకటి లేదు.

ఇంటికి వచ్చాక మా అత్త రాజ్యం మొదలైంది. బొట్టుపెట్టెలోని గోలీలు పారేసింది. కారే పంపు బాగుచేయించింది; కలపడానికి పొడుగు కట్టె, నిండు చేతుల చొక్కా, ముఖానికి గుడ్డ లేనిదే చేనుకు పోనిచ్చేది కాదు. వచ్చాక గడప తొక్కకముందే వాకిట్లో స్నానం, ఆమె పక్కనే నిలబడి, "చెవుల ఎన్క రుద్దుకున్నవా?" అని వాడకట్టంతా వినబడేలా అరిచేది. ఆయన ఎంత మొగోడినన్నా, ఆ కాసేపు సబ్బు నురగలో పసిపిల్లాడే. గోడల మీదినుంచి చూసి నవ్విన ఆడవాళ్లే, మర్నాటి నుంచి తమ మగవాళ్లనూ వాకిట్లో నిలబెట్టారు.

ఇప్పుడు మా చెలక మీద మందు డ్రోన్ చల్లి పోతుంది. మనిషి ఒంటికి తడి అంటదు, అది మంచిదే. గునుగు మాత్రం గడ్డిమందుకు చేలల్లో కరువై, బజారులో కొంటున్నాం. మా అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆయన స్నానం ఇప్పుడు తలుపు వేసిన గదిలో, ఎవరి అజమాయిషీ లేకుండా, నిశ్శబ్దంగా జరిగిపోతుంది. ఒక్కోసారి ఉండబట్టలేక ఆ తలుపు దగ్గర నిలబడి, అచ్చం ఆమె గొంతుతో, "చెవుల ఎన్క రుద్దుకున్నవా?" అంటాను. లోపల ఆయన పెద్దగా నవ్వుతారు. ఆ తరువాత, "రుద్దుకున్న అవ్వా!" అంటారు.