ముహూర్తం వేళ లోడు

నిన్న రేపల్లెలో ఒక హోటల్ మీటర్ బోర్డు తలుపు తీయగానే కాలిన వైరు వాసన గుప్పుమంది. "షార్ట్ సర్క్యూట్ అండి, ఏం చేస్తాం," అన్నాడు యజమాని, వాన పడిందన్నంత తేలిగ్గా. నాకు ఒళ్లు మండిపోయింది. సలోమి మేడమ్ ఉంటే అక్కడే కడిగేసేవారు.

తెనాలిలో ఆవిడ ఆఫీసులోనే నేను పని నేర్చుకున్నాను. భవనానికి ఎంత కరెంటు లోడు పడుతుందో లెక్కకట్టి, ఎంత మందం కేబుల్ వేయాలో తేల్చి సంతకం పెట్టే లైసెన్సు ఆవిడది. బాపట్లలో టీచర్ల ఇంట పుట్టిన మనిషి. తప్పు కనిపిస్తే ఎదుట ఎవరున్నారని చూసేవారు కాదు.

కొత్త వైరింగ్ కోడ్ వచ్చాక పొన్నూరు రోడ్డులో ఒక కల్యాణమండపం పని మా దగ్గరికి వచ్చింది. అన్నీ ఒకేసారి వాడరు కాబట్టి మొత్తం లోడులో కొంత తగ్గించి లెక్కకట్టడం మా పనిలో మామూలే. ఎంత తగ్గించాలన్నది మాత్రం వాడకాన్ని బట్టి ఉంటుంది. ఎక్కువ తగ్గిస్తే సన్న కేబుల్‌తో సరిపెట్టి డబ్బు మిగుల్చుకోవచ్చని మండపం యజమాని ఆ తగ్గింపునే పట్టుకుని కూర్చున్నాడు.

"ముహూర్తం టైముకి ఏది ఆపుతారండి?" అని అడిగారు మేడమ్. "ఏసీలా, డెకరేషన్ వాళ్ల సీరియల్ సెట్లా, వంటింట్లో గ్రైండర్లా?"

"అన్ని హాళ్లూ ఇట్టాగే నడుస్తున్నాయి కదమ్మా."

"నడవట్లేదండి. ఇంకా కాలలేదు, అంతే."

అతను విసురుగా కాగితాలు తీసుకుపోయి ఇంకొకరి చేత సంతకం పెట్టించుకున్నాడు. సన్న కేబులే వేయించాడు. మేం మా పనుల్లో పడిపోయాం. మొదటి పెళ్లిళ్ల సీజన్‌లోనే, సరిగ్గా తాళి కట్టే వేళ మెయిన్ బోర్డు అంటుకుంది. దాని పక్కనే గ్రైండర్ దగ్గరున్న వంటావిడకు రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. పేపర్లో షార్ట్ సర్క్యూట్ అని వేసి ఊరుకున్నారు. యజమాని పేరు లేదు, సంతకం పెట్టిన పెద్దమనిషి పేరూ లేదు. హాలుకు రంగులేసి మళ్లీ తెరిచారు. సిగ్గుండాలి.

వంటావిణ్ణి ఆస్పత్రిలో చూసి మేడమ్‌తో బస్సులో వస్తూ, "మీరు ముందే చెప్పారు కదా మేడమ్, మీ తప్పేముంది," అన్నాను. మేడమ్ నామీద విరుచుకుపడ్డారు.

"ఎవరికి చెప్పానయ్యా? డబ్బు మిగుల్చుకునేవాడికి చెప్పాను. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి చెప్పానా? సంతకం పెట్టకుండా ఇంటికొచ్చి, అన్నం తిని పడుకున్నాను. నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి. ఆవిడ చేతులు చూశావుగా."

మేడమ్ ఇప్పుడు లేరు. నా లెక్క నచ్చక ఎవరైనా కాగితాలు తీసుకుపోతే, వాళ్లు వీధి మలుపు తిరిగేలోపే ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు పంపుతాను. దానివల్ల పనులు పోతున్నాయి. పొగరుబోతునని పేరొచ్చింది. ఒక్కోసారి ఫోన్ చేసి బూతులు తిడతారు. తిట్టనివ్వండి. చెప్పిన రోజే నాకు అన్నం సహిస్తుంది.